ఎడమవైపు విసరొద్దు

ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ మనిషి హెల్మెట్ తీసేదాకా, పది రోజుల కిందట నా క్లినిక్‌కి వచ్చిన తివాచీల వ్యాపారి రే టర్నర్ మీద నాకు ఏ అనుమానమూ రాలేదు. పెన్సిల్వేనియా నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటూ, పిస్కాటవేలో ఒక తెలుగు కళ్ళ డాక్టరమ్మ దగ్గరికే ఎందుకొచ్చాడని అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు తెలిసింది. చీర మీద తెల్లకోటు వేసుకునే ఆడది ఫుట్‌బాల్ చూడదని లెక్క వేసుకున్నాడు. లెక్క తప్పేమీ కాదు, నేను చూడను. మా అత్తగారు చూస్తారు.

అతని పేరు టర్నర్ కాదు, రాయ్ టర్లీ. తివాచీలు అమ్మడు. జెర్సీ హామర్స్ జట్టులో తొమ్మిదేళ్ళుగా క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి చేతికి రాగానే దాన్ని ఎవరికి విసరాలో రెండున్నర సెకన్లలో తేల్చుకోవలసినవాడు. ఆ రెండున్నర సెకన్లూ అవతలివాళ్ళు అతన్ని మట్టి కరిపించడానికి మీదికి ఉరుకుతుంటారు. దీన్ని ఈ దేశంలో ఆట అంటారు. ముప్పై ఆరేళ్ళ ఆ మనిషి ఎడమ కంటి లోపలి పొర ఒక అంచున చిరిగింది. ఎడమ పక్క నల్ల తెర దిగినట్టుందని తన నోటితోనే చెప్పాడు. ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే పొర మొత్తం ఊడిపోతుంది, ఈ వారమే ఆపరేషన్ అన్నాను. జనవరిలో చేయించుకుంటానని నవ్వి వెళ్ళిపోయాడు. సోమవారమంతా అతనిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

ఇంకో ముక్క కూడా చెప్పకపోతే నా అవస్థ మీకు అర్థం కాదు. ఆ హామర్స్ జట్టుకి కంప్యూటర్ సలహాదారు సాక్షాత్తూ మా ఆయనే.

మా ఆయన, డాక్టర్ ఉమామహేశ్వరరావుగారు, యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెబుతారు. జీవితంలో ఎన్నడూ ఏ బంతినీ ముట్టుకున్న పాపాన పోలేదు. చిన్నప్పుడు గోళీలాట కూడా ఆడనిచ్చేదాన్ని కాదని మా అత్తగారే చెప్పారు. అలాంటి మనిషిని మూడేళ్ళ కిందట ఆ జట్టు కోచ్ గ్రేడీ పిలిచి, మా ఆటలన్నీ నీ కంప్యూటర్‌లో పోసి ఏం చేయాలో చెప్పమన్నాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో భోజనాల బల్ల మీద పళ్ళాలకి చోటు లేదు. ఆకుపచ్చ చారల మడత కాగితాలు బారలకొద్దీ పరిచి ఉంటాయి. సాయంత్రమైతే బేస్‌మెంట్‌లో ఫోన్ రిసీవర్‌ని ఒక పెట్టె మీద బోర్లా పెట్టి, యూనివర్సిటీ కంప్యూటర్‌తో కీచుకీచుమని మాట్లాడిస్తారు. ఆ గంటసేపు నా పేషంట్లు ఎవరు ఫోన్ చేసినా మా ఇల్లు ఎంగేజ్.

ఇక ఆ గ్రేడీ. మెడ లేని మనిషి. జట్టు ఆరు ఆటల్లో ఐదు ఓడిపోయింది. టర్లీ విసిరిన బంతులు పదమూడు అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి. స్టేడియంలో జనం కొత్త కుర్రాడు కోవాక్ పేరు పట్టుకుని అరుస్తున్నారు. ఇరవై రెండేళ్ళవాడు, ఈ ఏడే కాలేజీ నుంచి వచ్చాడు, రూకీ అంటారు. పాతవాణ్ణి కూర్చోబెట్టి కొత్తవాణ్ణి దించాలా వద్దా, దించితే ఎప్పుడు? ముప్పై ఏళ్ళు ఈ ఆటలోనే ముసలివాడైన కోచ్‌కి ఆ నిర్ణయం సొంతంగా చేసే దమ్ము లేదు. గెలిస్తే తన తెలివి, ఓడితే ఇండియన్ ప్రొఫెసర్ కంప్యూటర్ తప్పు. ఆ మర్మం ఊరందరికీ తెలుసు, మా ఆయనకి తప్ప.

మంగళవారం సాయంత్రం ఏడుకల్లా మా ఆయన కోచ్‌కి మాట చెప్పాలి. ఏడున్నరకి కోచ్ పేపర్లవాళ్ళకి ప్రకటిస్తాడు. ఆరున్నరకి నేను క్లినిక్ నుంచి ఇంటికొచ్చాను.

హాల్లో లైట్లు తీసేసి, గోడ మీద ఆదివారం ఆట ఫిల్మ్ వేస్తున్నారు. ప్రొజెక్టర్ పక్కన మా ఆయన. సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని బీన్స్ తుంచుతూ మా అత్తగారు అనంతలక్ష్మిగారు. ఏప్రిల్‌లో కాకినాడ నుంచి వచ్చారు. ఆటలో ఒక్క రూలూ తెలియదు, ఒక్క ఆటా వదలరు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు మా ఆయన. గోడ మీద టర్లీ పడటం, లేవటం, మళ్ళీ పడటం.

"ఒరే, ఒకసారి పడేసింది చాలక మళ్ళీ లేపి పడేస్తావేంట్రా పాపం!" అన్నారు అత్తగారు.

"అమ్మా, అది స్టడీ చేయడం."

నేను బ్యాగు పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కోకుండానే అక్కడ నిలబడ్డాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. రోగి రహస్యం భర్తతోనైనా చెప్పే హక్కు డాక్టరుకి లేదు. మా ఆయనతో అసలే లేదు. ఆయనకి తెలిస్తే గ్రేడీకి తెలుస్తుంది, గ్రేడీకి తెలిస్తే రేపు పొద్దున పేపర్లో వస్తుంది. చెప్పకపోతే ఆదివారం ఒక మనిషి కన్ను పోతుంది. మింగలేను, కక్కలేను. ఇక మిగిలిన దారి ఒక్కటే. మూడేళ్ళుగా దున్నపోతుల కుమ్ములాట అని నేను ఈసడించిన ఆట గురించి, మా ఆయనతో వాదించి గెలవాలి.

"ఏమండీ, ఆ కొత్త కుర్రాణ్ణి దించెయ్యచ్చుగా?"

ప్రొజెక్టర్ ఆగింది. మా ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత పరీక్షగా చూడలేదు.

"ఏమన్నావ్?"

"ఆ కోవాక్‌ని. ఆదివారం స్టార్ట్ చేయించండి అంటున్నా."

"నళినీ," అన్నారు, క్లాసులో ఆఖరి బెంచీవాడితో మాట్లాడే గొంతుతో. "ఇది క్యాటరాక్ట్ కాదు, పాతది తీసేసి కొత్త లెన్స్ పెట్టేయడానికి. ముందు నిలబడి కాపాడే లైన్ వీక్‌గా ఉంది. ఈ లైన్ వెనక రూకీని దించితే నాలుగు వారాల్లో వాడి కాన్ఫిడెన్స్ పోతుంది. ఆ తర్వాత కెరీరే పోతుంది. మోడల్ ఏం చెప్తోందంటే, తొమ్మిదో గేమ్ ముందు వాణ్ణి ముట్టుకోకూడదు. అప్పటికి స్కెడ్యూల్ ఈజీ అవుతుంది."

"అంతవరకూ?"

"టర్లీ. ఎక్స్‌పీరియన్స్ ఉంది. దెబ్బలు అలవాటు."

దెబ్బలు అలవాటట! ఒళ్ళు మండిపోయింది నాకు. "దెబ్బలు అలవాటవ్వడానికి అదేమన్నా రోలా? మనిషి కాదా? అతను పనికిరాడని పదమూడు సార్లు రుజువైతే ఇంకా మోడల్ మోడల్ అంటారేంటండీ?"

"పదమూడు అనేది చిన్న శాంపిల్."

"అవతలివాళ్ళకి అప్పనంగా పదమూడు సార్లు బంతి అప్పజెప్పడం చిన్నదా?"

"నీకెందుకే ఇంత కోపం?" అన్నారు నిజంగానే ఆశ్చర్యపోయి. "పోయిన వారం దాకా ఆటకి ఎన్ని క్వార్టర్లో తెలీదు నీకు. ఇప్పుడు నాకే లెసన్ చెప్తున్నావ్. మూడేళ్ళ డేటా ఉంది నా దగ్గర. నీ దగ్గరేం ఉంది?"

నా దగ్గర ఆ మనిషి కంటి బొమ్మ ఉంది, నా చేత్తో గీసింది. చిరుగు ఎక్కడో, ఎంతో, ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను.

అత్తగారు బీన్స్ గిన్నె పక్కన పెట్టి గోడ మీది టర్లీకేసి వేలు చూపించారు. "ఒరే ఉమా, ఆ పద్నాలుగో నంబరువాడు కోడిలా మెడ తిప్పి చూస్తాడెందుకురా?"

నేను గోడ మీంచి కళ్ళు తిప్పేసుకున్నాను.

"మీ నాన్నకి ఎడమ కంట్లో శుక్లం వచ్చినప్పుడు ఇంతే. అటు పక్క మనిషి కనిపించాలంటే మెడ మొత్తం తిప్పేవారు. గుమ్మానికి ఎన్నిసార్లు కొట్టుకున్నారో!"

"అమ్మా, కాసేపు ఊరుకుంటావా?" అని విసుక్కున్నారు డాక్టర్ ఉమామహేశ్వరరావుగారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి బీన్స్ తుంచుతూ చెప్పిన నిజం చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆకుపచ్చ కాగితం మీద అచ్చవ్వలేదు కదా, అందుకని.

అప్పుడు తట్టింది నాకు. నేను చెప్పకూడదు. ఆయన కాగితాలు చెప్పొచ్చు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి, నాలుగో కాలు తన లెక్కలోనే కనిపించాలి.

బల్ల దగ్గరికెళ్ళి లైటు వేశాను. "సరే, నాకేం తెలీదు. ఒక్కటి అడుగుతా చెప్పండి. ఆ పదమూడూ ఎటు విసిరినవి?"

"ఎటేంటి?"

"కుడివైపా, ఎడమవైపా?"

ఆయన కాగితాలు తిరగేశారు. వాన పడిందా, ఎండ కాసిందా, ఎన్ని గజాల దూరం, ఎన్నో నిమిషం, గడ్డి నిజందా ప్లాస్టిక్‌దా, అన్నీ ఎక్కించారు మహానుభావుడు. కుడీ ఎడమా ఎక్కించలేదు.

"అది... డైరెక్షన్ వేరియబుల్ రిలవెంట్ అనుకోలేదు."

"ఇప్పుడు అనుకోండి."

ఏడింటికి ఇరవై నిమిషాలు తక్కువ. ఫిల్మ్ చుట్టలు ఒక్కొక్కటే ఎక్కించారు. ఎప్పుడు ఏది జరిగిందో కాగితాల్లో చూసి నేను చెబుతుంటే, ఆయన సరిగ్గా అక్కడికి తిప్పారు. మా అత్తగారు మధ్యలో నిలబడి, "ఇదీ ఎడమే... ఇదీ ఎడమే" అని కేక వేస్తూ, ఎడమకొక బీన్స్ గింజ ఇటు, కుడికొకటి అటు పెట్టారు. పదహారేళ్ళ కాపురంలో మేము ముగ్గురం కలిసి చేసిన మొదటి పని అదే అనుకుంటా. ఆఖర్న చూస్తే కుడివైపు రెండు గింజలు, ఎడమవైపు పదకొండు.

మా ఆయన ఆ గింజల్ని చాలాసేపు చూశారు. పెదాలు కదులుతున్నాయి, మనసులో భాగహారాలు. నేను లోపల్లోపలే బతిమాలుకున్నాను. అడుగు నాయనా, ఎందుకు అని అడుగు. మనిషి ఒకవైపే ఎందుకు తప్పుతాడని ఒక్కసారి అడిగితే చాలు. కళ్ళ డాక్టరైన పెళ్ళాం పక్కనే నిలబడి ఉంది. బళ్ళో పిల్ల ఒకవైపు బల్లలకే గుద్దుకుంటుంటే టీచరు కూడా మొదట కన్నే చూపించుకోమంటుంది!

"నళినీ," అన్నారు మెల్లగా. కళ్ళు మెరిసిపోతున్నాయి. "నువ్వు జీనియస్‌వి."

అని వంటింటి గోడకున్న ఫోను దగ్గరికి గబగబా నడిచి నంబరు తిప్పారు.

"కోచ్, ఊమా హియర్." వాళ్ళు పిలిచేది అలాగే, ఈయనా అలాగే చెప్పుకుంటారు. తర్వాత అంతా ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా చెప్పారు. సారాంశం ఇది. టర్లీ బాగానే ఉన్నాడు. గొడవంతా ఎడమవైపు విసరడంలోనే ఉంది. ఆ పదకొండూ తీసేస్తే అతను లీగ్‌లో అందరికంటే మెరుగు. కాబట్టి కుర్రాణ్ణి కదపొద్దు, టర్లీనే ఉంచండి. ఆదివారం ప్రతి ప్లే కుడివైపే. ఎడమవైపు విసరొద్దు, అసలు అటు చూడనే వద్దని చెప్పండి.

అవతల గ్రేడీ వేసిన సంతోషపు కేక నాకు పొయ్యి దగ్గర వినిపించింది.

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను. ఎలుకను పట్టి, దాన్నే ధాన్యం కొట్టుకి కాపలా కూర్చోబెట్టడం అప్పుడే చూశాను. నా నోటితో నేనే దారి చూపించి, ఆ మనిషిని ఆదివారం గోతిలోకి తోశాను. ఆయన్ని అనుకుని ఏం లాభం? ఆయన కంటే తెలివైనదాన్నని విర్రవీగాను చూడండి, నా చెప్పుతో నన్ను నేను కొట్టుకోవాలి.

"ఆదివారం వచ్చే జట్టులో," అన్నాను, "అతని ఎడమవైపు నుంచి మీదికొచ్చేది ఎవరు?"

"ఓ, వాడా? రెండు వందల ఎనభై పౌన్లు. లీగ్‌లో టెర్రర్." మా ఆయన కాగితాలు మడత పెడుతూ ఈల వేస్తున్నారు. "అయినా టర్లీ అటు చూడక్కర్లేదు కదా ఇక. థాంక్స్ టు యూ. కొత్త ప్లే లిస్టు రన్ చేసి వస్తా, అన్నం పెట్టెయ్."

బేస్‌మెంట్ మెట్లు దిగిపోయారు. నేను మేడ మీది పడకగదికెళ్ళి తలుపు వేసుకున్నాను. గడియారం ఏడూ పది. పర్సులోంచి రే టర్నర్ కార్డు తీసి ఏడోసారి ఆ నంబరు తిప్పాను. ఇంకో ఇరవై నిమిషాల్లో ప్రకటించేస్తే, తర్వాత ఆ మగమహారాజు పరువు కోసం చచ్చినా తప్పుకోడు.

నాలుగోసారి మోగాక ఎత్తారు.

"మిస్టర్ టర్లీ," అన్నాను. "నేను డాక్టర్ నళినిని."

వెనక ఎక్కడో టీవీ మోగుతోంది. దాన్ని ఆపేసిన చప్పుడు.

"మీకు ఆ పేరు నేను చెప్పలేదు, డాక్టర్."

"మా అత్తగారు చెప్పారు. ఆదివారం ఆడకండి. ఇప్పుడే మీ కోచ్‌కి ఫోన్ చేసి, భుజం నొప్పనండి, కడుపు నొప్పనండి, మీ ఇష్టం. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్ గది సిద్ధం చేయిస్తాను."

"అప్పుడు ఎవరు ఆడతారు? ఆ కోవాకా?" నవ్వాడు. ఆ నవ్వులో ఎంత ఏవగింపు! "వాడికింకా గడ్డం సరిగ్గా రాలేదు. వాడికి అప్పజెప్పి నేను బెంచీ మీద కూర్చుంటే, మళ్ళీ నన్నెవడూ లేవమనడు. నేను ఒక కన్నుతో చూసినా వాడికంటే బాగా చూస్తాను, డాక్టర్."

"ఆదివారం తర్వాత మీకు ఉండేది ఆ ఒక్కటే."

"తొమ్మిదేళ్ళుగా పడుతున్నాను. ఇదొక దెబ్బా?"

"ఎడమవైపు అసలు చూడొద్దని చెప్తారు మీకు. ప్రతి బంతీ కుడివైపే విసరమంటారు. ఆ రెండు వందల ఎనభై పౌన్లవాడు ఎడమవైపు నుంచే వస్తాడు. మీరు మెడ తిప్పరు. తిప్పినా మీకు కనిపించడు."

ఈసారి అతని గొంతు మారింది. "కోచ్ నాకే ఇంకా ఏం చెప్పలేదు. కుడివైపు సంగతి మీకెలా తెలుసు?"

నాలుక కరుచుకున్నాను. రోగి రహస్యం మొగుడికి చెప్పలేదని సంబరపడ్డాను, మొగుడి రహస్యం రోగికి చెప్పేశాను. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా, ఫోన్‌లో టిక్కుమని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు నాకు తెలుసు. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం తిట్టుకునే చప్పుడది. కింద బేస్‌మెంట్‌లో ఆ పెట్టె మీద బోర్లా పెట్టడానికి రిసీవర్ ఎత్తినప్పుడు వచ్చేది. అయితే ఇదే మొదటిది కాదు, వినీ వినిపించకుండా ఇందాక కూడా ఒకటి వచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు. ఎత్తిన రిసీవర్‌ని మా ఆయన పెట్టె మీద పెట్టలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఇంతసేపూ విన్నారు, చెయ్యి జారి ఇప్పుడు దేనికో తగిలింది.

"నళినీ," అన్నారు తెలుగులో. ఆ గొంతులో ప్రొఫెసరు లేడు. మా అత్తగారి కొడుకు ఉన్నాడు, నాన్న గుమ్మానికి కొట్టుకుంటుంటే చూసిన పిల్లాడు. "ఎడమ కన్నేనా?"

చేతిలోని కార్డుని మంచం మీద బోర్లా పెట్టాను.

"నేనేగా ఉంచమని చెప్పాను. ఏడున్నరకి గ్రేడీ చెప్పేస్తాడు, ఇంకా పదిహేను నిమిషాలుంది. ఫోన్ చేసి నా లెక్క తప్పంటాను. కారణం చెప్పను, ఒట్టు. కానీ నాకు తెలియాలి. అవునా, కాదా? ఒక్క మాట చెప్పు."

"డాక్టర్," అన్నాడు రాయ్ టర్లీ, చాలా నెమ్మదిగా. "ఆయనెవరో నాకు తెలీదు. ఆ భాష నాకు రాదు. కానీ ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. కాదని చెప్పండి."